మైనర్ బండి నడిపి యాక్సిడెంట్ చేస్తే కేసు ఎవరి మీద పడుతుంది?

ప్రశ్న (ఇంటర్ పేరెంట్):
పదహారేళ్ల కుర్రాడు మేనమామ పేరు మీదున్న 110 సీసీ స్కూటర్ తీసుకెళ్లి ఒకాయన్ని గుద్దాడు, ఆయన చనిపోయాడు అనుకుందాం. కుర్రాడి దగ్గర గేర్లు లేని బండికి ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) ఉంది. కేసు ఎవరి మీద పెడతారు? తప్పు చేసింది వాడైతే పెద్దవాళ్లను శిక్షించడం న్యాయమేనా? ఇన్సూరెన్స్ ఉంటే డబ్బు భయం అక్కర్లేదంటున్నారు, నిజమేనా అండి?

జవాబు (నల్లకోటు):
ముందు ఆ ఎల్‌ఎల్‌ఆర్ సంగతి చూడాలి. చాలా ఇళ్లలో పొరపాటు అక్కడే మొదలవుతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 4 ప్రకారం 16 ఏళ్లకు నడపగలిగేది 50 సీసీ దాటని బండి మాత్రమే. గేర్లు లేకపోతే చాలనుకుంటారు గానీ చట్టం సీసీని కూడా చూస్తుంది. 110 సీసీ స్కూటర్ మీద ఆ కాగితం పనికిరాదు.

ఇక అదే చట్టంలోని సెక్షన్ 199ఎ. ఇది 2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. మైనర్ ఈ చట్టం కింద తప్పు చేస్తే, గార్డియనో బండి ఓనరో ఆ తప్పు చేసినట్టే లెక్క. దానికి తోడు మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆర్సీ 12 నెలలు రద్దవుతుంది. కుర్రాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్స్ కాదు గదా, ఎల్‌ఎల్‌ఆర్ కూడా ఇవ్వరు.

చావు కేసు వేరే. అది బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 106, అంటే నిర్లక్ష్యంతో చావుకు కారణమవడం కింద కుర్రాడి మీదే నమోదై, మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్తుంది. ఆ చావుకు తండ్రిని ముద్దాయిని చేయరు. పెద్దవాళ్ల మీద ఉండేది తాళం కేసు, అంటే బండి మైనర్ చేతికి అందనిచ్చినందుకు పెట్టే 199ఎ కేసు. అందుకే ఇది న్యాయమేనంటాను. పిల్లాడి చేతికి బండి అందడం పెద్దవాళ్ల పని, దానికి వాళ్లే జవాబు చెప్పాలి.

జవాబు (క్లెయిమ్స్ బల్ల):
డబ్బు భయం అక్కర్లేదన్నది పూర్తిగా తప్పండి. థర్డ్ పార్టీ పాలసీ (మన బండి వల్ల నష్టపోయిన అవతలివాళ్ల కోసం ఉండే ఇన్సూరెన్స్) ఉంటే కంపెనీ ముందు బాధిత కుటుంబానికి కడుతుంది, తర్వాత అదే మొత్తం ఓనర్ దగ్గర వసూలు చేసుకుంటుంది. లైసెన్స్ లేని డ్రైవర్ల కేసుల్లో ఈ దారిని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో వివరంగా చెప్పింది. యాక్సిడెంట్ పరిహారం తేల్చే ట్రిబ్యునల్ 20 లక్షలు వేసిందనుకోండి, ఆ 20 లక్షలూ వడ్డీతో సహా మేనమామ మీద పడొచ్చు. దానికి కంపెనీ కొత్తగా దావా వేయనక్కర్లేదు, ఆ ట్రిబ్యునల్‌లోనే ఎగ్జిక్యూషన్ పిటిషన్ (తీర్పు అమలు చేసి డబ్బు వసూలు చేయించమనే అర్జీ) వేస్తుంది. ఇల్లు, పొలం జప్తు దాకా వెళ్లొచ్చు. స్కూటర్ రిపేరు క్లెయిమ్ మీద ఆశ పెట్టుకోవద్దు.

నాకు తెలియకుండా తాళం పట్టుకెళ్లాడు అన్న వాదన 2011లో జవహర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బండి మైనర్ చేతికి చిక్కకుండా ఓనర్ జాగ్రత్త పడలేదంటూ, కట్టిన డబ్బు అతని దగ్గర రాబట్టుకోవచ్చని కోర్టు చెప్పింది.

ఇంటర్ పేరెంట్:
మరి మేనమామ ఊళ్లోనే లేకపోతే?

జవాబు (నల్లకోటు):
199ఎ కేసులో ఆ మాట పనికొస్తుంది, కానీ రుజువు చేయాల్సింది ఆయనే. మైనర్ బండి నడిపితే పెద్దల అనుమతితోనే నడిపాడని కోర్టు ముందే అనుకుంటుంది. తనకు తెలియదనో, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాననో చూపించాలి. ఊళ్లో లేనని బస్ టికెట్ చూపిస్తే సరిపోదు. తాళం ఎక్కడ పెట్టారు, ఎవరికి అప్పగించారు అని అడుగుతారు.

ఎక్కువగా కొంప ముంచేది పాత ఈ-చలానా. హెల్మెట్ లేదని మూడు నెలల కింద ఫొటో తీస్తారు, అందులో హ్యాండిల్ పట్టుకున్నది ఈ కుర్రాడే. మెసేజ్ ఓనర్ ఫోన్‌కే వస్తుంది, ఆయనే కడతాడు. ఇక తెలియదన్న మాట నిలబడదు. అలాంటి ఫొటో ఇప్పటికే వచ్చి ఉంటే ఈరోజే తాళం మార్చండి.

తండ్రి మీద ఇంకో దారిలోనూ కేసు రావచ్చు. 2024 మే 19న పుణెలో మైనర్ నడిపిన పోర్షే ఢీకొని ఇద్దరు ఐటీ ఉద్యోగులు చనిపోయినప్పుడు, పోలీసులు తండ్రి మీద జువెనైల్ జస్టిస్ చట్టం 75, 77 సెక్షన్లు పెట్టారు. 75 పిల్లల పట్ల నిర్లక్ష్యానికి, 77 మద్యం అందించినందుకు.

జవాబు (క్లెయిమ్స్ బల్ల):
ఓనర్ అంటే ఎవరన్నది కూడా చూసుకోండి. బండి అమ్మేసినా ఆర్సీ మార్చకపోతే ఓనర్‌గా పాత పేరే లెక్క, 2018లో సుప్రీంకోర్టులో నవీన్ కుమార్ కేసులో ఇదే తేలింది. బండి పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చేసి ఊరుకోకండి. ఆర్సీ కొన్నవాళ్ల పేరుకు మారిందో లేదో ఆన్‌లైన్‌లో చూసుకోండి.