కాన్పు తర్వాత రక్తస్రావం: గీతల డ్రేప్ ఎప్పుడు పరచాలి, ఏ మందు ముందు?

స్టాఫ్ నర్స్, పీహెచ్‌సీ:
పోయిన రక్తాన్ని కొలిచే, గీతలున్న ప్లాస్టిక్ డ్రేప్‌లు వచ్చాయి. ముందే పరిస్తే ఉమ్మనీరు కలిసి లెక్క తప్పుతోంది. ఎంత దాటితే చికిత్స మొదలుపెట్టాలి? ఆక్సిటోసిన్ (గర్భసంచిని ముడిచే మందు) పనిచేయకపోతేనే ట్రానెక్సామిక్ (రక్తపు గడ్డ కరగకుండా ఆపే మందు) ఇవ్వాలా?

గైనిక్ డాక్టర్:
బిడ్డ పుట్టి ఉమ్మనీరు ధార ఆగాక పిరుదుల కింద పరచండి సిస్టర్. మొదటి గంట ప్రతి 15 నిమిషాలకూ రక్తం, నాడి, బీపీ, గర్భసంచి గట్టిదనం చూడాలి. 500 ఎంఎల్ దాటితే వెంటనే చికిత్స. 300 దాటి, నాడి 100 పైన ఉన్నా, పై బీపీ 100 లోపు పడినా 500 దాకా ఆగొద్దు.

ఒక మందిచ్చి చూసి తర్వాత ఇంకోటి అనే అలవాటు మానాలి, ప్రాణం పోయేది అక్కడే. గర్భసంచి మర్దన, ఆక్సిటోసిన్ 10 యూనిట్లు, ట్రానెక్సామిక్ 1 గ్రాము సెలైన్‌లో 10 నిమిషాలపాటు, ఐవీ ఫ్లూయిడ్లు, పరీక్ష: అన్నీ 15 నిమిషాల్లోపే. ట్రానెక్సామిక్ కాన్పైన 3 గంటల్లోపు పడాలి, ఆలస్యమయ్యేకొద్దీ ఫలితం తగ్గిపోతుంది. ఆఫ్రికాలో 80 ఆసుపత్రుల్లో జరిగిన ఈ-మోటివ్ అధ్యయనంలో సగంచోట్ల ఇలాగే చేశారు. లీటరు పైన రక్తస్రావం, దానికోసం పొట్ట తెరిచే ఆపరేషన్, మరణం కలిపి మామూలు పద్ధతిలో 4.3 శాతం ఉంటే ఈ పద్ధతిలో 1.6 శాతమే (2023).

నర్సింగ్ ట్యూటర్:
పరీక్షంటే కింద చూడటం ఒక్కటే కాదు. మూత్రసంచి నిండి ఉంటే గర్భసంచి ముడుచుకోదు, ఖాళీ చేయించండి. మాయ ముక్క మిగిలిందా, గడ్డలున్నాయా, చిరుగులున్నాయా చూడాలి. గర్భసంచి గట్టిగా ఉండీ రక్తం కారుతుంటే ముందు చిరుగునే అనుమానించండి.

ఆక్సిటోసిన్‌ను 2–8 డిగ్రీల్లో పెట్టాలి, ట్రేలో వదిలేస్తే సత్తువ పోతుంది. సెలైన్‌లో కలపకుండా నరంలోకి ఒక్కసారిగా తోస్తే బీపీ పడిపోతుంది. ట్రానెక్సామిక్ ఆంపూల్‌ని మాత్రం స్పైనల్ మత్తుమందు పక్కన పెట్టనే వద్దు. ఒకదానికొకటి పొరపడి వెన్నులోకి ఎక్కించిన ఘటనల్లో తల్లులు చనిపోయారు.

స్టాఫ్ నర్స్, పీహెచ్‌సీ:
రాత్రి ఇద్దరమే ఉంటాం మేడమ్. ఎలా పంచుకోవాలి?

గైనిక్ డాక్టర్:
ఒకరు మర్దన చేస్తూ ఆయాను కేకేసి 108కి ఫోన్ చేయించాలి. రెండోవారు ఐవీ పెట్టి రెండు మందులూ ఎక్కించాలి. మందులు, కాన్యులా, సెలైన్ అన్నీ ఒకే డబ్బాలో టేబుల్ దగ్గరే ఉంటేనే ఇది సాధ్యం. ఆక్సిటోసిన్ ఒక్కటే ఫ్రిజ్ నుంచి తేవాలి. రక్తం ఆగకపోతే అంబులెన్స్‌లో కూడా రెండు చేతులతో గర్భసంచిని అదిమి పట్టే ఉండాలి. 30 నిమిషాల తర్వాతా ఆగకపోతే ట్రానెక్సామిక్ ఇంకో గ్రాము.