తలమీద నిప్పులు పోయడం: ఇది క్షమించడమా, పగ తీర్చుకోవడమా?

ప్రశ్న (చిత్తూరు)
బైబిల్లోని రోమా పత్రిక 12వ అధ్యాయం, 20వ వచనం. శత్రువుకు ఆకలైతే అన్నం పెట్టు, దప్పికైతే నీళ్ళివ్వు అని చెప్పి, ‘ఆలాగు చేయుటవలన అతని తలమీద నిప్పులు కుప్పగా పోయుదువు’ అంటాడు దాన్ని రాసిన పౌలు. మన వైపు ‘నా సంసారంలో నిప్పులు పోశాడు’ అంటే నాశనం చేశాడనే కదా. మరి అన్నం పెట్టి నిప్పులు పోయడమేంది? మా ఇంట్లో పొలం గట్టు తగాదా ఒకటి నడుస్తోంది. పాస్టరుగారు వచ్చి ఈ వాక్యమే చదివారు. మా చిన్నాయన ‘అట్లయితే పెడదాం రా, సంగటీ పప్పూ’ అని నవ్వేశాడు.

జవాబు (తిరుపతి)
మీ చిన్నాయన అనుమానం కొత్తది కాదులెండి. ఈ మాట పౌలు సొంతం కాదు, బైబిల్ పాత నిబంధనలోని సామెతల గ్రంథం 25వ అధ్యాయంలోది. అక్కడ ‘యెహోవా అందుకు నీకు ప్రతిఫలమిచ్చును’ అని ఇంకో ముక్క ఉంది, పౌలు దాన్ని వదిలేశాడు. ఆ నిప్పు ఏమిటని తొలి శతాబ్దాల నుంచీ వాదనలే. దేవుడి శిక్ష అన్నవాళ్ళున్నారు. తొలినాటి క్రైస్తవ పండితుడు అగస్టీన్ మాత్రం అది తప్పు చేసినవాడి లోపల రగిలే పశ్చాత్తాపం అన్నాడు. నా ఓటు అగస్టీన్‌కే. ముందు వచనం ‘మీకు మీరే పగతీర్చుకొనక’ అని చేతులు కట్టేస్తోంది. తర్వాతిది ‘మేలు చేత కీడును జయించుము’ అంటోంది. మధ్యలో మీ చిన్నాయన సంగటికి చోటెక్కడిది?

వేమన కూడా చేజిక్కిన శత్రువుకు కీడు చేయొద్దంటూనే ‘పొసగ మేలు చేసి పొమ్మనుటె చావు’ అన్నాడు. ఆ చావు మనిషికి కాదు, వాడి పొగరుకు. పౌలు నిప్పునూ నేను అట్లాగే చదువుతాను.

ఇంకొకరు (పలమనేరు)
భారతం ఆడే ధర్మరాజుల గుడి తిరునాళ్ళు చూస్తూ పెరిగిన మనకు ఇది మింగుడుపడదు సార్. దుర్యోధన వధ రోజు నేలమీద మట్టితో చేసిన అంత పెద్ద బొమ్మ, భీముడి వేషగాడు తొడమీద కొట్టగానే ఈలలు. ద్రౌపది జుట్టు ముడి వేసుకునేదాకా ఒక్కరూ కదలరు. అదే ద్రౌపది భాగవతంలో, నిద్రపోతున్న తన బిడ్డల్ని చంపిన అశ్వత్థామను వదిలేయమంటుంది, వాడి తల్లి కూడా తనలాగా ఏడవకూడదని. ఆ ఘట్టానికి ఎవరు ఈల వేస్తారు చెప్పండి?

ప్రశ్న (చిత్తూరు)
బాగుంది. మరి క్షమించామంటే కోర్టులో కేసు వాపసు తీసుకోవాల్నా?

జవాబు (తిరుపతి)
అక్కర్లేదు. ఆ వెంటనే 13వ అధ్యాయం 4వ వచనంలో, కీడు చేసినవాణ్ణి శిక్షించే పని అధికారులదని అదే పౌలు రాశాడు. 1999లో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఇద్దరు చిన్న కొడుకుల్ని వాహనంలోనే సజీవంగా తగలబెట్టారు. భార్య గ్లాడిస్ హంతకుల్ని క్షమిస్తున్నానంది. అయినా కేసు నడిచింది, 2003లో శిక్షలూ పడ్డాయి. ఆమె కొన్నేళ్ళపాటు ఒడిశాలోనే కుష్ఠురోగుల సేవలో ఉండిపోయింది.

మీ గట్టు సంగతి సర్వేయరు తేలుస్తాడు. మీ చిన్నాయన రాత్రిపూట సరిహద్దు రాయి జరపడం, వాళ్ళ బోరు వైరు కోయడం లాంటివి పెట్టుకోకుంటే చాలు.

ప్రశ్న (చిత్తూరు)
వైరు సంగతి మీకెట్లా తెలిసింది సార్?