అప్‌డేట్: ఆ సీసపు గుండు సంగతి

గుంత తవ్వుతుంటే దొరికిన గుండు తుపాకీదేనా, ఎప్పటిదని అడిగాను కదా. మీరు చెప్పినట్టే తోమకుండా కొలిచాను. అడ్డకొలత 17.5 మిల్లీమీటర్లు, బరువు 31 గ్రాములు. అదే సైజు ఇనుప గుండైతే 22 గ్రాములు కూడా దాటదు, కాబట్టి సీసమే. భూతద్దంలో చూస్తే నడుం చుట్టూ సన్నటి అచ్చు గీత (అచ్చు రెండు సగాలు కలిసిన చోటు), ఒకచోట పోత తోకను, అంటే సీసం పోసిన దారిలో మిగిలిన ముక్కను, కత్తిరించిన చదునైన మచ్చ! కొలత బ్రిటిష్ సైన్యం వాడిన బ్రౌన్ బెస్ అనే మస్కెట్‌కి (మూతి నుంచి గుండు దించే పాతకాలపు పొడవాటి తుపాకీ) సరిపోతోంది. దాని గొట్టం లోపలి అడ్డకొలత 19 మిల్లీమీటర్లు. త్వరగా దిగాలని గుండు కాస్త చిన్నగానే పోసేవాళ్లు. ఆ తుపాకీ 1720ల నుంచి 1830ల దాకా నడిచింది. ఒక్క గుండును బట్టి అంతకంటే దగ్గరి తేదీ చెప్పలేం. గుండు మీది తెల్లటి పొర చూసి చాలా పాతదని సంబరపడ్డాను గానీ, అది మట్టిని బట్టి మారుతుందట. సీసం విషం కాబట్టి చేతులు కడుక్కోమన్నవాళ్లకు థాంక్స్, నాకు ఆ ధ్యాసే లేదు.