రెండు ప్లాట్లు కలిపితే ఎవరి యాస్పెక్ట్ రేషియో నిలవాలి?

పైథాన్‌లో, మ్యాట్‌ప్లాట్‌లిబ్ (గ్రాఫులు గీసే లైబ్రరీ) ఆధారంగా ఒక చిన్న గణిత ప్యాకేజీ రాస్తున్నాను. ప్లాట్, సర్కిల్ కమాండ్లు వెంటనే ఏమీ గీయవు, ఆబ్జెక్ట్ మాత్రమే ఇస్తాయి. నోట్‌బుక్ సెల్‌లో చివరి లైనైతే బొమ్మ దానంతటదే వస్తుంది, ఫర్ లూప్‌లో మాత్రం షో పిలవాలి. ఇంతవరకు గొడవ లేదు.

చిక్కంతా ప్లస్ గుర్తుతో కలిపేటప్పుడే. యాస్పెక్ట్ రేషియో అంటే బొమ్మలో వై అక్షం మీద ఒక యూనిట్ పొడవుకి, ఎక్స్ అక్షం మీద ఒక యూనిట్ పొడవుకి ఉన్న నిష్పత్తి. సర్కిల్‌కి అది డిఫాల్ట్‌గా 1 (లేదంటే వృత్తం కోడిగుడ్డులా సాగుతుంది), ప్లాట్‌కి ఆటోమేటిక్, అంటే బొమ్మ చోటుకి సరిపోయేలా అదే సర్దుకుంటుంది. e^x ఫంక్షన్‌ని 0 నుంచి 10 వరకు గీసి, వ్యాసార్థం 1 ఉన్న వృత్తాన్ని కలిపితే వై అక్షం 22,026 దాటుతుంది. రేషియో 1 నెగ్గేసరికి బొమ్మంతా సన్నని నిలువు గీత.

మొదటి ఆబ్జెక్ట్ ఆప్షన్లే నిలిచేలా చేశాను. మ్యాథమాటికా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో షో పద్ధతి అదే. కానీ ఏ ప్లస్ బీ, బీ ప్లస్ ఏ వేర్వేరుగా వస్తున్నాయి. సేజ్ అనే మరో గణిత సాఫ్ట్‌వేర్‌లోలాగా ఆటోమేటిక్ మీద అంకె నెగ్గేలా పెడితే వరుస బెడద పోయింది, నిలువు గీత పోలేదు. రేషియోని షోకే వదిలేస్తే ఒంటరి వృత్తం కూడా సాగిపోతోంది, పైగా సేవ్‌కి మళ్లీ అదే ఆప్షన్ ఇవ్వాలి.

ఇప్పుడు యూజర్ స్వయంగా ఇచ్చిన విలువకి, డిఫాల్ట్‌కి వేరే గుర్తు పెట్టాను. యూజర్ ఇచ్చిందే నెగ్గుతుంది, అది బాగానే పనిచేస్తోంది. మిగిలిన కేసు ఒక్కటే: రెండూ డిఫాల్ట్‌లే అయి, ఒకటి 1, ఇంకొకటి ఆటోమేటిక్ అయినప్పుడు 1నే ఉంచాలా, వార్నింగ్ ఇచ్చి ఆటోమేటిక్‌కి మారాలా?