రెండు చెక్కల మధ్య నొక్కితే "అరిసె" - ఈ జవాబు తప్పెలా అవుద్ది?

అందరికీ నమస్కారం, మాది ఒడిశాలో పర్లాకిమిడి. మొన్న ఆగస్టు 29కి, అంటే తెలుగు భాషా దినోత్సవానికి, మా వీధి పిల్లలకి మిఠాయి పేర్ల మీద పొడుపుకథల పోటీ పెట్టాం. పిల్లలు చదివేది ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు మాటాడతారు గానీ రాయడం రాదు, అందుకే అన్నీ చెవితో విని విప్పేలాగే కట్టేను.

"పూత ఉంది కాయ కాయదు, రేకుంది ఇల్లు కప్పదు" అనగానే పూతరేకు అనీసారు. "సున్నా ఉంది మార్కులు పోవు, ఉండ ఉంది దారం లేదు" అంటే సున్నుండ. "రసం ఉంది అన్నంలో కలపం, గోల ఉంది చప్పుడు లేదు" అన్నప్పుడు మాత్రం ఒకటే నవ్వులు, ఎందుకంటే ఒడియాలో గోల అంటే గుండ్రం, మనకేమో అల్లరి, రసగోలాలో రెండూ పట్టేసాయి. దీని కోసం రెండు రాష్ట్రాలు నిజంగానే గోల పడ్డాయి కదా, 2017లో బెంగాల్ రసగుల్లాకి, 2019లో ఒడిశా రసగోలాకి విడివిడిగా జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతానిదే అనే గుర్తింపు) ఇచ్చారు.

అసలు గొడవ చివరి దాని దగ్గర. "నూనెలో వేసినప్పుడు ఊరుకుంది, తీసి రెండు చెక్కల మధ్య నొక్కితే అరిసె, ఏటది?" ఒక పాప వెంటనే "అరిసే!" అంది. ఒక పెద్దాయన లేచి, "అరిచె" అన్నదే సరైన రూపం, "అరిసె" అంటే అపభ్రంశం, శ్లేష చెల్లదు అని మార్కు కొట్టించేసారు. పాప మొహం చిన్నబోయింది. మా ఇళ్లల్లో ఎవరైనా "అరిచేడు" అంటారా అండీ, "అరిసేడు" అనే కదా అంటాం? గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊర్లో, ఆయన పుట్టినరోజు నాడు, నోటి మాట తప్పని తేల్చేసారు, నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

- అరిసె సంగతి ఒప్పుకుంటాను గానీ మీ సున్నుండ మాత్రం తప్పండి. అది సున్ని + ఉండ, ఇకార సంధి. సున్నాకీ దానికీ సంబంధం లేదు.

- వ్యుత్పత్తి మీరు చెప్పిందే, కాదనను. కానీ పదాన్ని ఇంకోలా విరిచి ఇంకో అర్థం తీయడమే కదా సభంగ శ్లేష అంటే, ప్రబంధకవులు చేస్తే అలంకారం, మా పిల్లలు చేస్తే తప్పా? పొడుపుకథలో అడిగేది మాట ఎలా వినబడుతోందని, ఎక్కడ పుట్టిందని కాదు.

- బరంపురం నుంచి నాదీ ఒకటి వేసుకోండి: "గోపాల్‌పూర్ ఒడ్డంతా వెతికినా దొరకదు, అమ్మ పీట మీద దొర్లిస్తే పుడుతుంది."

- గవ్వలు! బావుందండీ. సాయంత్రం పాప ఇంటికెళ్లి ఆ మార్కు కలిపేసానని చెప్పి, ఇది కూడా అడుగుతాను.