లండన్‌లో మొదటి వసంతం: శుక్రవారం సాయంత్రాలు ఎక్కడికి పోవాలి?

గద్వాల తమ్ముడు:

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది గద్వాల. జనవరిలో మాస్టర్స్ చదవడానికి లండన్ వచ్చాను. ఈస్ట్ హామ్‌లో నలుగురం కలిసి ఒక ఇంట్లో ఉంటున్నాం. వారమంతా క్లాసులు, శని ఆదివారాలు షాపులో షిఫ్టు. శుక్రవారం సాయంత్రాలు ఖాళీ, నెలకు ఒక ఆదివారం సెలవు దొరుకుతుంది. మా నాన్న మగ్గం నేస్తాడు. ఫోన్ చేసినప్పుడల్లా "అంత పెద్ద ఊరికి పోయినవు, ఏం చూసినవు బిడ్డా?" అని అడుగుతాడు. టవర్ బ్రిడ్జి దగ్గర ఫోటో దిగింది తప్ప చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మార్చి, ఏప్రిల్‌లో ఇక్కడ కళలు, సంగీతం, నాటకాలు ఏవి చూడాలి? ఫీజు అప్పు మీద ఉంది కాబట్టి ఎక్కువ ఖర్చు పెట్టలేను. ఇలాంటి చోట్లకు మనం పోతే వింతగా చూస్తారేమో అని టెన్షన్ కూడా ఉంది.

పానగల్లు అక్క, ఇప్పుడు హారో:

తమ్ముడూ, ముందు టెన్షన్ సంగతి. నల్లగొండ నుంచి నేను 2009లో వచ్చాను. మొదటి మూడు నెలలు గది, కాలేజీ, పని, అంతే. మ్యూజియం అంటే టికెట్ ఎంతో, లోపల ఎలా నడుచుకోవాలో అని గేటు దాకా పోయి వెనక్కి వచ్చేశాను. ఇక్కడ పెద్ద జాతీయ మ్యూజియాలన్నింటికీ 2001 డిసెంబర్ నుంచి ప్రవేశం ఉచితం. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, వి అండ్ ఏ (విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం), టేట్ గ్యాలరీ, వేటికీ టికెట్ లేదు. అప్పుడప్పుడు పెట్టే ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రమే డబ్బులు. నిన్ను ఎవరూ వింతగా చూడరు. బ్యాగు తెరిచి చూసి లోపలికి పంపుతారు, అంతే.

నీకు ఖాళీ దొరికేది శుక్రవారమే కావడం మంచిదైంది. ఆ రోజు బ్రిటిష్ మ్యూజియం రాత్రి 8:30 దాకా, నేషనల్ గ్యాలరీ 9 దాకా, వి అండ్ ఏ 10 దాకా తెరిచి ఉంటాయి. క్లాసు అయిపోయాక పోయినా రెండు, మూడు గంటలు చూడొచ్చు. ఒక్క రోజులో మూడూ తిరుగుదాం అనుకోకు. ఒక సాయంత్రం, ఒకే చోటు, అందులోనూ రెండు మూడు గదులే.

మొట్టమొదట బ్రిటిష్ మ్యూజియంలో 33ఏ గదికి పో. అక్కడ అమరావతి శిల్పాలు ఉన్నాయి, సుమారు 120. మన కృష్ణ ఒడ్డు నుంచి వచ్చిన రాళ్లు. మా స్కూల్ వాళ్లు టూర్‌కు నాగార్జునసాగర్ తీసుకుపోయి లాంచీలో నాగార్జునకొండ మ్యూజియం చూపించారు. అప్పుడు రాళ్లను కాదు, నీళ్లనే చూశాను. లండన్‌లో ఆ గదిలోకి అడుగుపెట్టినప్పుడు ఆ రాయి రంగు చూసి ఆగిపోయాను. కొంచెం పాలిపోయిన ఆకుపచ్చ కలిసిన తెలుపు, పల్నాటి సున్నపురాయి. సాగర్ మ్యూజియంలో ఉన్న రాయే. పన్నెండేళ్లప్పుడు పట్టించుకోకుండా దాటిపోయిన దాని ముందు ఇరవై నాలుగేళ్లకు, ఇంత దూరంలో గంటసేపు నిలబడ్డాను.

ఆ గదిలో రెండు వైపులా చెక్కిన పలక ఒకటి ఉంటుంది, దాన్ని తప్పక వెతుకు. ఒక వైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం. బుద్ధుడి రూపం చెక్కకుండా ఆ ఖాళీ ఆసనంతోనే ఆయన్ని చూపించిన కాలం అది, క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం. తర్వాత దాదాపు 300 ఏళ్లకు అదే రాయిని తిప్పి రెండో వైపు మొత్తం స్తూపాన్ని చెక్కారు. అమరావతి స్తూపం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో మనం ఊహించుకోవడానికి అలాంటి పలకలే ఆధారం. మా నాయనమ్మ పాత చీరలన్నీ దాచి, మడిచి, బొంతలు కుట్టేది. మంచి వస్తువును పారేయకుండా మళ్లీ వాడుకునే ఆ చేతులే నాకు ఆ రాయిలో కనిపించాయి.

సాగర్ దగ్గర 2022లో తెరిచిన బుద్ధవనం నువ్వు చూసి ఉంటే, అక్కడి మహాస్తూపాన్ని అమరావతి నమూనాలోనే కట్టారు. ఆ నమూనాకు మూలమైన రాళ్లు కొన్ని ఇక్కడున్నాయి, ఇంకా ఎక్కువ చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే అధికారి తవ్వించి మద్రాసుకు చేర్చాడు, అక్కడి నుంచి 1859లో ఓడెక్కించారు, 1880లో బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. ఇవి మన దగ్గర ఉండాల్సినవి అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. ఆ బాధతోనే వెళ్లి చూస్తాను. చూడకుండా ఊరుకుంటే మనకే నష్టం. బయలుదేరే ముందు వెబ్‌సైట్‌లో ఆ గది తెరిచి ఉందో లేదో చూసుకో, సాయంత్రాలు కొన్ని గదులు మూసేస్తారు.

రెండోది నీ ఇంటి పనికి సంబంధించింది. సౌత్ కెన్సింగ్టన్‌లో వి అండ్ ఏ మ్యూజియం ఉంది కదా, మన దేశపు బట్టలు వాళ్ల దగ్గర చాలా ఉన్నాయి. అన్నీ అద్దాల్లో పెట్టరు, ఎక్కువ భాగం గోడౌన్‌లోనే ఉంటాయి. 2025 మే నెలాఖరున స్ట్రాట్‌ఫర్డ్ వైపు, ఒలింపిక్ పార్కులో, ఆ గోడౌన్‌నే జనానికి తెరిచారు. పేరు వి అండ్ ఏ ఈస్ట్ స్టోర్‌హౌస్. నీకు ఈస్ట్ హామ్ నుంచి దగ్గరే. అక్కడ ఒక సౌకర్యం ఉంది. వాళ్ల వెబ్‌సైట్‌లో వస్తువులు వెతుక్కుని, ఐదు దాకా ఎంచుకుని, రెండు వారాల ముందు బుక్ చేస్తే, ఆ రోజు వాటిని తీసి నీ ముందు పెడతారు. పైసా తీసుకోరు. దీనికి పరిశోధకుడివి కానక్కర్లేదు, ప్రొఫెసర్ ఉత్తరం అక్కర్లేదు.

నీ సెలవు ఆదివారాన్ని దీనికి పెట్టు, ఆ రోజు కుదరకపోతే క్లాసు లేని పూట చూసుకో. బుక్ చేసే ముందు నాన్నతో కూర్చుని, అంటే ఫోన్‌లోనే, ఏం చూడాలో అడుగు. ఒంటి భాగం నూలు, అంచు పట్టు పెట్టి రెండింటినీ మగ్గం మీదే కలిపే పని తెలిసిన మనిషి, పాత బట్టలో ఏం వెతకాలో మ్యూజియం వాళ్లు రాసిపెట్టే వివరాల కంటే బాగా చెబుతాడు. అంచు ఎలా కలిపారు, వెనక వైపు పోగు ఎలా తిరిగింది, రంగు ఎక్కడ వెలిసింది, ఇవన్నీ రాసుకుని పో. సిబ్బందిని అడిగి ఫోటోలు తీసి పంపు. "ఏం చూసినవు బిడ్డా?" అన్నదానికి ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు.

నాటకాల గురించి ఒక్క హెచ్చరిక. ఇక్కడ ఏడున్నర అంటే ఏడున్నరే. నేను మొదటిసారి పన్నెండు నిమిషాలు ఆలస్యంగా పోతే, మొదటి అంకం అయ్యేదాకా బయటి హాల్లో చిన్న టీవీలో చూడమన్నారు. పైసా పైసా కూడబెట్టి కొన్న టికెట్ అది, ఏడుపొచ్చింది. మార్చి చివరి ఆదివారం తెల్లవారుజామున గడియారాలు గంట ముందుకు తిప్పుతారు. ఫోన్ దానంతటదే మారుతుంది, చేతి గడియారం మారదు. ఆ ఆదివారం ఏదైనా బుక్ చేసుకుంటే గుర్తు పెట్టుకో.

ఏప్రిల్ చివర్లో థేమ్స్ ఒడ్డున గ్లోబ్ థియేటర్‌లో ఆరుబయట నాటకాలు మొదలవుతాయి. షేక్స్‌పియర్ కాలం నాటి దాన్ని పోలినట్టు మళ్లీ కట్టి 1997లో తెరిచారు. మధ్యలో పైకప్పు లేని జాగాలో 700 మంది నిలబడి చూడొచ్చు, అన్నింటికంటే చవక టికెట్ అదే. వాన పడినా గొడుగు తెరవనివ్వరు, టోపీ ఉన్న కోటు వేసుకో. ఊళ్లో చిందు భాగోతం ఆడితే ముందు వరుసలో నేల మీద కూర్చునేవాళ్లం చూడు, వేషగాడి చెమట చుక్క మన మీద పడేంత దగ్గరగా. గ్లోబ్‌లో నిలబడితే నాకు అదే దగ్గరితనం దొరికింది. ఇంగ్లిష్ సగం అర్థం కాదు, పర్వాలేదు. భాగోతంలో పద్యాలు మనకు అన్నీ అర్థమయ్యాయా? కథ ముందే చదువుకుని పో.

సంగీతానికి విగ్‌మోర్ హాల్‌లో 35 ఏళ్ల లోపు వాళ్లకు 5 పౌండ్ల టికెట్లు ఇస్తారు. టేట్‌లో 16 నుంచి 25 ఏళ్ల వాళ్లకు పెద్ద ప్రదర్శనలు 5 పౌండ్లకే, పేరు నమోదు చేసుకుంటే చాలు. సెయింట్ పాల్స్, వెస్ట్‌మినిస్టర్ అబ్బే చూడాలంటే టికెట్ చాలా ఎక్కువ. కానీ సాయంత్రం ప్రార్థన జరిగేటప్పుడు, దాన్ని ఈవెన్‌సాంగ్ అంటారు, ఎవరైనా ఉచితంగా పోయి కూర్చోవచ్చు. పిల్లల గొంతులు ఆ కప్పు దాకా లేచి తిరిగి వస్తుంటే ఏ మతమని ఎవరూ అడగరు. అది పూజ కాబట్టి ఫోన్ తీయకుండా నెమ్మదిగా కూర్చోవాలి.

ఉగాది ఈసారి, అంటే 2026లో, మార్చి 19, గురువారం. తెలుగు సంఘాలు మామూలుగా దగ్గరి శని, ఆదివారాల్లో స్కూలు హాళ్లు అద్దెకు తీసుకుని జరుపుతాయి. నీకు షిఫ్టు ఉంటుంది కాబట్టి కుదరకపోవచ్చు. ఆ గురువారం పొద్దున్నే ఇంట్లో నలుగురూ కలిసి పచ్చడి చేసుకోండి. మీ ఈస్ట్ హామ్ తమిళ దుకాణాల్లో ఎండు వేపపువ్వు అడుగు. తాజాది కాకపోయినా చేదు ఉంటుంది. అక్కడికి నడిచిపోయే దూరంలోనే మురుగన్ గుడి ఉంది. మన సభలకు తప్పకుండా పో, కానీ వాటికి మాత్రమే పోయి ఊరుకోకు. మనవాళ్లు చాలామంది ఇరవై ఏళ్లున్నా హాలు నుంచి హాలుకు తప్ప ఊరు చూడలేదు. అది చూస్తే నాకు బాధేస్తుంది.

దేవరకొండ అన్న, ఇప్పుడు హౌన్‌స్లో:

అక్క అంతా చెప్పింది, నేను మూడు కలుపుతా. ఒకటి, అంబేడ్కర్ ఇల్లు. చాక్ ఫార్మ్ స్టేషన్ దగ్గర, కింగ్ హెన్రీస్ రోడ్ 10 నంబర్. 1921-22లో లండన్‌లో చదువుకునేటప్పుడు ఆయన ఉన్న ఇల్లది. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొని స్మారకంగా మార్చింది. ఏప్రిల్ 14 దగ్గరికొస్తోంది కదా, ఆ వారంలో పో. అప్పు చేసి చదువుకుంటున్నవాడివి, ఆ గదిలో కాసేపు కూర్చుంటే నీకే తెలుస్తుంది. బయటికొచ్చి ప్రిమ్‌రోజ్ హిల్ ఎక్కితే లండన్ మొత్తం కనిపిస్తుంది.

రెండోది, సి.పి. బ్రౌన్ సమాధి. వేమన పద్యాలను 1829లో అచ్చువేయించి, 1852లో తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చిన మనిషి 1884లో ఈ ఊళ్లోనే చనిపోయాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఉన్నాడు. చాలా పెద్ద స్థలం, ముందు ఆఫీసులో దారి అడుగు. నాలుగు పూలు పట్టుకుపో.

మూడోది, ఏప్రిల్‌లో గ్రీన్‌విచ్ పార్కులో చెర్రీ చెట్లు గులాబీ రంగులో విరగబూస్తాయి. హోలీ ముందు నల్లమల అంచున మోదుగు పూసినట్టే, ఆకు కనపడదు, పువ్వే. పది రోజుల్లో రాలిపోతాయి, వాయిదా వేయకు. రైలు బదులు బస్సెక్కు. మొదటి బస్సులో కార్డు తాకించినప్పటి నుంచి గంటలోపు ఎన్ని బస్సులు ఎక్కినా మళ్లీ చార్జీ పడదు. పైఅంతస్తులో ముందు సీటు దొరికితే ఊరు చూస్తూ పోవచ్చు.

తుంగతుర్తి వదిన, ఇప్పుడు క్రాయిడన్:

అమరావతి గదికి పోతే మా ఫణిగిరిని కూడా తలుచుకో తమ్ముడూ. మా దగ్గర గుట్ట మీద దొరికిన అదే కాలపు శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్ మ్యూజియం దాకా పోయాయి. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు సూర్యాపేట మీదుగా వచ్చి ఆ గుట్ట ఎక్కు. ఇంకొకటి, మేఫెయిర్‌లో మన హైకమిషన్ వాళ్ల నెహ్రూ సెంటర్ ఉంది. నాట్యం, కచేరీలు, పుస్తక సభలు ఉచితం. వెస్ట్ కెన్సింగ్టన్ భారతీయ విద్యాభవన్‌లో కర్ణాటక సంగీతం, వీణ, మృదంగం నేర్పుతారు, అక్కడి కచేరీలూ బాగుంటాయి. విద్వద్గద్వాల అని పేరున్న ఊరి పిల్లాడివి, సౌత్‌బ్యాంక్ సెంటర్ ఐదో అంతస్తులో కవిత్వానికే ఒక లైబ్రరీ ఉందని కూడా తెలుసుకో. లోపలికి పోవడానికి డబ్బులక్కర్లేదు.

గద్వాల తమ్ముడు:

అందరికీ దండాలు. నిన్న రాత్రే నాన్నకు స్టోర్‌హౌస్ సంగతి చెప్పాను. అరగంట మాట్లాడాడు, ఎప్పుడూ ఐదు నిమిషాలకంటే ఎక్కువ మాట్లాడడు. పాత బట్టల్లో అంచు కలిపిన చోట వెనక వైపు తిప్పి చూపించమని అడగమన్నాడు. తిప్పుతారా అక్కా? శుక్రవారం 33ఏకు పోతున్నా. ఒక్కడినే పోవాలంటే కొంచెం జంకుగా ఉంది.

పానగల్లు అక్క:

బుక్ చేసేటప్పుడే వెనక వైపు చూడాలని రాయి, మగ్గం నేసే ఇంటి నుంచి వచ్చానని కూడా రాయి. బట్ట తట్టుకుంటుంది అనుకుంటే వాళ్లే తిప్పి చూపిస్తారు, నువ్వు మాత్రం ముట్టుకోకు.

శుక్రవారం నేనూ వస్తా. సాయంత్రం ఐదున్నరకు గ్రేట్ రస్సెల్ స్ట్రీట్ గేటు దగ్గర ఉండు. గాలి చల్లగా ఉంటుంది, కోటు మర్చిపోకు. సకినాలు తెస్తా, చూసి బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని తిందాం.

దేవరకొండ అన్న:

నేనూ వస్తున్నా. ఆరు అవుతుంది, మీరు లోపలికి పోండి, ఆ రెండు వైపుల పలక దగ్గర కలుస్తా.