చూపు తగ్గిన పెద్దవారికి ముందు ఏది: మామూలు తెల్లకర్రా, సెన్సర్ కర్రా?

మల్లెతీగ:
మా అమ్మకు 74 ఏళ్లు. గ్లకోమాతో పక్కచూపు బాగా పోయింది. ఎదుటివారి ముఖం కనిపిస్తుంది, పక్కనున్న గుమ్మం మాత్రం భుజానికి తగులుతుంది. అడ్డు వస్తే వణికే సెన్సర్ కర్ర కొందామని తమ్ముడు అంటున్నాడు. ముందు మామూలు తెల్లకర్రతో నడక నేర్పించాలని నా పట్టు. మీరేమంటారు?

కొత్తదారి:
మీ తమ్ముడి మాటే సరైనది. తెల్లకర్ర నేలకు దగ్గరగా ఉన్నవాటినే పట్టిస్తుంది. వేలాడే కొమ్మ, తెరిచి ఉన్న కిటికీ రెక్క, ఆగిన లారీ వెనుక భాగం వచ్చినప్పుడు కర్ర కిందనుంచి పోతుంది, దెబ్బ నుదుటికి తగులుతుంది. అల్ట్రాసోనిక్ సెన్సర్ ముందే హెచ్చరిస్తుంది. ఈ వయసులో అలాంటి దెబ్బ ఒకటి తగిలితే మళ్లీ గడప దాటడానికి భయపడతారు.

నడకబడి:
తల ఎత్తులో ఉండే అడ్డంకుల సంగతి నిజమే. నా భయం దిగుడు మెట్టు గురించి. ఎదురుగా ఉన్నదానికి తగిలి తిరిగొచ్చే ధ్వనిని బట్టి సెన్సర్ పనిచేస్తుంది. ఏదీ తిరిగిరాకపోతే దారి ఖాళీ అనుకుంటుంది, ముందు గుంట ఉన్నా సరే. కర్ర మొన అయితే నేల అంచు దాటగానే కిందికి జారుతుంది, చేతికి ఒక అడుగు ముందే తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1944లో అమెరికా సైనిక ఆసుపత్రిలో పనిచేసిన రిచర్డ్ హూవర్ రూపొందించిన పద్ధతికి ఆధారం ఇదే: కర్రను భుజాల వెడల్పున అటూ ఇటూ ఆడిస్తూ, ఎడమ కాలు వేసేటప్పుడు మొన కుడివైపు తాకించాలి.

అమ్మగారికి మధుమేహం ఉందా? ఏళ్ల తరబడి ఉంటే వేళ్లలో స్పర్శ తగ్గి వణుకు అందకపోవచ్చు. బీప్ శబ్దాన్ని నమ్ముకుందామంటే, వయసుతో ముందు తగ్గేది కీచు శబ్దాలు వినే శక్తే. ఇంకొకటి, పొడుగు తెల్లకర్ర బరువు ఆనించడానికి కాదు. మోకాళ్లకు ఊతం కావాలంటే వేరే చేతికర్ర ఉండాల్సిందే. కొనేముందు దీన్ని తప్పక చూడండి.

కొత్తదారి:
మెట్టు విషయం కాదనను. కానీ తెల్లకర్ర పట్టుకోవడానికే కుమిలిపోయే పెద్దవాళ్లున్నారు. దారి చెప్పే ఫోనుకు ఆ బాధ లేదు కదా?

నడకబడి:
ఫోనులోని జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. కాలిబాటకూ రోడ్డుకూ మధ్య తేడా అంతకన్నా తక్కువ. సిగ్గు పోయేదాకా ఇంట్లోనే, వరండాలోనే నేర్పుదాం. చేతికి అలవాటయ్యాక పిడికి సెన్సర్ బిగించుకోవచ్చు, దానికి నేను అడ్డు చెప్పను.

మల్లెతీగ:
మధుమేహం చాలా ఏళ్లుగా ఉంది. అరికాళ్లకు నేల సరిగా తెలియడం లేదని కూడా అంటోంది. తమ్ముడి స్నేహితుడి దగ్గర సెన్సర్ కర్ర ఉందట, ఆదివారం తెప్పించి అమ్మ చేతికే ఇస్తాం. వణుకు తెలిస్తేనే కొనే మాట. శిక్షణకు మాత్రం ఈలోపే పేరు రాయిస్తున్నాను.